టేపు పాడైతే సాక్ష్యం పోయినట్టే.. జహీరాబాద్ మహిళల వీడియోలు మనకు నేర్పే పాఠం ఏంటి?

వీడియో తీశాం, ఫోన్‌లో సేవ్ అయింది, ఇక భయం లేదు.. చాలామంది అనుకునేది ఇదే. ఒక్కసారి పదిహేనేళ్ల కిందటి పెళ్లి వీడియో ఎక్కడుందో వెతికి చూడండి. డీవీడీ దొరుకుతుంది, ఆడించే ప్లేయర్ ఉండదు. పెన్‌డ్రైవ్ ఉంటుంది, ఓపెన్ అవ్వదు. ఇంట్లో వీడియో పోతే ఒక జ్ఞాపకం పోతుంది. మరి పోయింది ఒక ప్రాంతం చరిత్ర అయితే?

కెమెరా పట్టిన మహిళా రైతులు

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) 1983 నుంచి పనిచేస్తోంది. ఈ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా నేర్చుకున్నారు. వీళ్లలో బడి ముఖం చూడనివాళ్లూ ఉన్నారు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసిన డీడీఎస్ సహ వ్యవస్థాపకుడు పి.వి. సతీష్ వెనక నిలిచారు.

2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తొలి సీజన్‌లోనే ఈ మహిళలు వరంగల్ పొలాలకు మళ్లీ మళ్లీ వెళ్లి రైతుల మాటలు రికార్డు చేశారు. 2003లో ఆ చిత్రం బయటికొచ్చింది. బీటీ పత్తిపై వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి. కానీ ఆ ఏడాది ఆ రైతు ఏమన్నాడో తెలియాలంటే ఆ వీడియోనే చూడాలి. మళ్లీ తీద్దామంటే కుదరదు.

2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు. తరం మారుతోంది. ఏ టేపులో ఎవరున్నారో, అది ఏ ఊరో చెప్పగలిగే మనుషులు ఉన్నప్పుడే ఆ వివరాలు రాసుకోవాలి.

టేపుకు టైమ్ అయిపోతోంది

2000 తొలి ఏళ్లలో చాలా చిన్న కెమెరాలు మినీ డీవీ టేపులతో నడిచేవి. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే గంట పడుతుంది, సుమారు 13 జీబీ స్థలం కావాలి. టేపు బాగున్నా, దాన్ని ఆడించే మెషీన్లు, విడిభాగాలు, రిపేరు చేసేవాళ్లు దొరకడం కష్టమైంది. అందుకే 2019లో యునెస్కో 'మ్యాగ్నెటిక్ టేప్ అలర్ట్' మొదలుపెట్టింది. 2025 తర్వాత టేపుల్లోంచి రికార్డింగులు బయటకు తీయడం కష్టమవుతుందని నిపుణులు అప్పుడే హెచ్చరించారు.

పోగొట్టుకోవడం మనకు కొత్త కాదు. రఘుపతి వెంకయ్య నాయుడు, ప్రకాశ్ తీసిన 1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఇవాళ చూద్దామంటే లేదు. 2003 జనవరిలో పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నైట్రేట్ రీళ్లు బూడిదయ్యాయి.

ఫైల్ చేస్తే సేఫేనా?

కాదు. టేపు మెల్లగా పాడవుతుంది, హార్డ్‌డిస్క్ మాత్రం ఒక్క రోజులో పోతుంది. యూట్యూబ్‌లో పెట్టాం కదా అంటారా? అక్కడ ఉండేది కుదించిన కాపీ. అకౌంట్ పోతే అదీ పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ ఇంకా తగ్గుతుంది.

మరేం చేయాలి? ఆర్కైవ్‌లు పాటించే పద్ధతి మన ఇంటికీ పనికొస్తుంది:

* 3 కాపీలు ఉంచాలి. 2 రకాల స్టోరేజీలో పెట్టాలి. 1 కాపీ వేరే ఊళ్లో లేదా క్లౌడ్‌లో ఉండాలి.
* కెమెరా ఇచ్చిన ఒరిజినల్ ఫైల్‌ను చెరపకూడదు. ఎడిట్ చేసింది వేరుగా దాచాలి.
* ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఫైల్ పేరులోనే రాయాలి. పేరు లేని వీడియో ఉన్నా దొరకదు.
* ఏడాదికోసారి ఓపెన్ చేసి చూడాలి. ఐదేళ్లకోసారి కొత్త డిస్క్‌లోకి మార్చాలి.

పెద్ద ఆర్కైవ్‌లు ఇంకో అడుగు ముందుకేసి, క్వాలిటీ తగ్గని ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి ఓపెన్ ఫార్మాట్లు వాడతాయి. ఫైల్‌లో ఒక్క అంకె మారినా పట్టేసే చెక్‌సమ్‌లు రాసిపెట్టుకుంటాయి.

ఖర్చు ఎవరిది?

అసలు చిక్కు ఇక్కడే. వీడియో తీయడానికి నిధులొస్తాయి, దాచడానికి రావు. ఊళ్లలోని చిన్న సంస్థలు, స్థానిక కేబుల్ చానళ్లు, పెళ్లి వీడియోగ్రాఫర్ల దగ్గరున్న టేపులు ఎక్కించడానికి జిల్లాకో కేంద్రం ఉన్నా చాలా మిగులుతుంది. యూనివర్సిటీలు, రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ పూనుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. అయితే ఆ వీడియోలపై హక్కు మాత్రం తీసినవాళ్లకే, అందులో మాట్లాడినవాళ్లకే ఉండాలి.

జహీరాబాద్ మహిళలకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పాత పంటల విత్తనాలు కాపాడుతున్నది వాళ్లే. విత్తనాన్ని గాదెలో పెట్టి మర్చిపోతే మొలకెత్తదు, మళ్లీ మళ్లీ విత్తాలి, పక్కవాళ్లకూ పంచాలి. వీడియో ఫైల్ కూడా అంతే. ఈ ఆదివారం మీ ఇంట్లో బీరువా తీసి, ఆ పాత క్యాసెట్ ఒకసారి బయటపెట్టండి.