తుప్పు తిన్న రేకుకు గుడ్డ మాసిక

2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్ నగరంలో అధికభాగాన్ని ముంచెత్తింది. వరదలో మునిగిన కారును పైపైన ఎంత కడిగినా తలుపుల అడుగున పేరుకున్న ఒండ్రు అంత సులభంగా పోదు. అది తడిని పట్టి ఉంచుతుంది. కొంతకాలానికి ఆ చోట రంగు పొక్కుతుంది. వేలితో నొక్కితే రేకు పెళుసుగా విరిగి చిల్లు బయటపడుతుంది.

వరద రాని సంవత్సరాలలోనూ సూరత్ వాహనాలకు ఈ బెడద తప్పదు. ఖంభాత్ సింధుశాఖ సమీపంలోనే ఉన్నది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. ఉప్పు ఆ చర్యను వేగిరపరుస్తుంది. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు ఉబ్బి పైకి లేవడానికి కారణమిదే.

కారు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. తుప్పు తిని మరింత పలుచబడిన చోట వెల్డింగు చేయబోతే రేకు కరిగి చిల్లు పెద్దది కావచ్చు. వేడికి చుట్టుపట్ల రేకు వంకరపోతుంది, రంగు మాడిపోతుంది. అందుచేత పైరేకుల చిల్లులకు నిప్పు అవసరం లేని పద్ధతి ఒకటి వాడుకలో ఉన్నది. అది గాజునారతో చేసిన గుడ్డను రెజిన్‌లో తడిపి మాసిక వేయడం. తెలంగాణ నుండి వలస వెళ్ళిన ఎన్నో పద్మశాలి కుటుంబాలు సూరత్ మరమగ్గాలపై పాలిస్టర్ నూలు నేస్తున్నాయి. మాసికకు వాడే రెజిన్లలో ఒక రకం ఆ పాలిస్టర్ జాతిదే.

ఈ పనిలో ముఖ్యమైన భాగం మాసిక వేయడానికి ముందే ఉన్నది. మెరిసే లోహం కనిపించేవరకు చిల్లు చుట్టూ రంగును, తుప్పును గీకివేయాలి. చిల్లు మొదటికంటె పెద్దదైతే విచారించనవసరం లేదు. పోయినది ఎలాగూ పనికిరాని రేకే. గుంటలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గల మందు పూస్తే అది స్థిరమైన ఫాస్ఫేటుగా మారుతుంది. బాగా ఆరిన తరువాత, వీలైతే రేకు వెనుకవైపు నుండి, చిల్లు అంచులను దాటి నాలుగైదు సెంటీమీటర్ల మేర గుడ్డను రెండు మూడు పొరలుగా అంటించాలి. లోహాన్ని పట్టుకోవడంలో పాలిస్టర్ రెజిన్‌కంటె ఎపాక్సీ మేలు. గట్టిపరచే ద్రవాన్ని డబ్బాపై చెప్పిన పాళ్ళలోనే కలపాలి. అది కంటిలో పడితే చూపు పోయే ప్రమాదమున్నది గనుక కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మాసిక గట్టిపడిన తరువాతనే పైన పుట్టీ పలుచగా పూసి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్, రంగు వేయాలి. చిల్లును నేరుగా పుట్టీతో పూడ్చడం పలువురు చేసే పొరపాటు. మామూలు పుట్టీ తేమను పీల్చుకుంటుంది. దాని వెనుక తుప్పు నిశ్శబ్దంగా సాగుతూనే ఉంటుంది. తలుపు అడుగున నీరు కారిపోవడానికి ఉన్న సన్నని రంధ్రాలను మాత్రం మూయరాదు. అవి మూసుకుపోవడంవలననే అనేక తలుపులు తుప్పు పడతాయి.

ఈ మాసికకు ఒక హద్దు ఉన్నది. తలుపు, మడ్‌గార్డు, డిక్కీ మూత వంటివి వాహనానికి చర్మం వంటివి, వాటికిది చాలును. ఛాసిస్, తలుపుల కింది పెట్టె అంచులు, సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే తావులు ఎముకలవంటివి. ప్రమాద సమయంలో ఆ బరువును, తాకిడిని భరించవలసినవి అవే. అక్కడ తుప్పు తిన్న భాగాన్ని కోసివేసి కొత్త ఉక్కును వెల్డింగు చేయించవలసిందే. పైకి నునుపుగా కనిపించే మాసికను నమ్మి కుటుంబాన్ని ఎక్కించుకోవడం ప్రాణాలతో చెలగాటం.

పాత కారు కొనేవారు జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంచుకోవడం మంచిది. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఉక్కు రేకుల వెంట నడిపితే, దళసరి పుట్టీ ఉన్నచోట అది పట్టు వదులుతుంది. తలుపు మీద వదిలితే బేరమాడవచ్చును. తలుపు కింది అంచు మీద వదిలితే, కారును లిఫ్టుపై ఎత్తించి అడుగుభాగం చూడకుండా బయానా ఇవ్వరాదు.