తెర మారింది, వేళ్ళు మారలేదు!

సినిమా పత్రికలో కంప్యూటర్ గొడవేమిటని విసుక్కోకండి. 1997లో వచ్చిన ‘టైటానిక్’ చూసి కళ్ళు తుడుచుకోనివాళ్ళు మనలో ఎందరు? ఆ చిత్రం గ్రాఫిక్స్‌కి పనిచేసిన కంప్యూటర్లలో వందకు పైగా లినక్స్ మీద నడిచినవే! ఆ లినక్స్ ఇప్పుడు మన షాద్‌నగర్ దుకాణంలోకీ అడుగుపెట్టింది.

కారణం తెలిసిందేగా! 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే చాలా పాత కంప్యూటర్లకు గేటు దగ్గరే ‘హౌస్‌ఫుల్’ బోర్డు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుండాలట, ప్రాసెసర్ కొత్త తరానిదై ఉండాలట! నిక్షేపంలా పనిచేసే కంప్యూటర్‌ని పాత సామాన్లవాడికి వెయ్యాలా? కొత్తది కొందామంటే అందరివీ నిర్మాతల జేబులు కావు కదా!

అందుకే షాద్‌నగర్‌లో లగ్గం పత్రికలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఓ తమ్ముడు లినక్స్ మింట్ ఎక్కించాడు. “మస్తు పరేషాన్ అయితుందన్నా!” అన్నాడు మొదటి వారం. ‘సి’ డ్రైవ్ లేదు, ‘డి’ డ్రైవ్ లేదు. తన ఫైళ్ళన్నీ ‘హోమ్’ అనే ఒకే ఇంట్లో కాపురం. ఫైలు పేరులో ఇంగ్లీషు పెద్దక్షరం చిన్నదైతే అది వేరే ఫైలే! ఫోటోషాప్ బదులు గింప్ నేర్చుకోవాలి. కళ్ళు కొత్త తెరను చూస్తున్నా వేళ్ళు మాత్రం పాత బటన్లకోసమే వెతుకుతాయి. థియేటర్లలో రీళ్ళు పోయి హార్డ్‌డిస్కులు వచ్చినప్పుడు ప్రొజెక్టర్ ఆపరేటర్లు పడిన అవస్థా ఇలాంటిదే. వేళ్ళ బాధ కొన్ని వారాల్లో తీరిపోతుంది.

తీరనిది ఇంకొకటుంది, తెలుగు! ఏళ్ళ తరబడి కంపోజ్ చేసిన పత్రికలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ లేనిచోట ఫైలు తెరిస్తే వధూవరుల పేర్లుండాల్సిన చోట పిచ్చిగీతలే! యూనికోడ్‌లో ఆ బెడద లేదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన తెలుగుకి సొంత సంకేతాలు దక్కాయి. అందులో టైపు చేసింది విండోస్‌లోనైనా, లినక్స్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటే అక్షరాల చోట్లు కూడా రెండింట్లో ఒకటే.

కాబట్టి మారదలచుకున్న మిత్రులారా, నాలుగు మాటలు! ముందు ఫైళ్ళన్నీ వేరే డిస్కులో కాపీ చేసుకోండి. పూర్తయిన డిజైన్లను ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా దాచండి. పాత తెలుగును యూనికోడ్‌లోకి మార్చాక అక్షరం అక్షరం చదివి చూడండి. వత్తులు తారుమారు కావచ్చు. లినక్స్‌ను వెంటనే ఎక్కించకుండా, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి రుచి చూడండి. పేజ్‌మేకర్ లేకపోతే రోజు గడవదనుకునేవాళ్ళు ఓ పాత కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి తగిలించకుండా ఆ పనికే ఉంచుకోండి.

ఇక సినిమా కలలు కనే కుర్రాళ్ళకో మాట. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ను బ్లెండర్‌తో తీశారు. అది ఎవరికైనా ఉచితమే! విండోస్‌లోనూ నడుస్తుంది, లినక్స్‌లోనూ నడుస్తుంది. అందులో నేర్చిన విద్య, రేపు కంప్యూటర్ మారినా మీ వెంటే వస్తుంది. ఏమంటారు?