వేడి చేసిందని వదిలేసిన నొప్పి

ఏ ఊరి బస్టాండు దగ్గరైనా ‘మొలలు, లూటీలు ఆపరేషన్ లేకుండా నయం’ అనే బోర్డు కనిపిస్తుంది. కీమోథెరపీలో ఉన్న క్యాన్సర్ రోగి ఆ గడప తొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అక్కడ ఇచ్చే ఇంజెక్షన్, కట్టే దారం, పూసే పసరు పేగులోని బ్యాక్టీరియాను రక్తంలోకి పంపగలవు.

ఆసనం దగ్గర నొప్పి ఉన్నా అక్కడిదాకా పోనివాళ్లకు ఇంట్లోనే తీర్పు సిద్ధంగా ఉంటుంది: ‘కీమో మందులకు ఒంట్లో వేడి చేసింది.’ సబ్జా గింజలు తాగిస్తారు, ఆముదం పట్టిస్తారు. తగ్గకపోతే దిష్టి తీస్తారు. చీము లేదు, గడ్డ లేదు కాబట్టి భయం లేదంటారు. అసలు భయపడాల్సింది అక్కడే. చీము తయారయ్యేది ప్రధానంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలతో. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కంటే తగ్గితే, ఆసనం పక్కన ఇన్ఫెక్షన్ ముదురుతున్నా చీము పట్టకపోవచ్చు. కొద్దిపాటి ఎరుపు, గట్టిదనం, భరించలేని నొప్పి మాత్రమే ఉంటాయి. ఇ.కోలై, సూడోమోనాస్ లాంటివి చిన్న చీలిక దొరికినా రక్తంలోకి దూరతాయి. అందుకే ఈ దశలో ఎనిమా, మలద్వారంలో పెట్టే మాత్రలు, అక్కడ పెట్టి చూసే థర్మామీటరు వద్దంటారు.

ఇదే దశలో కుడివైపు పొత్తికడుపు నొప్పి, జ్వరం, విరేచనాలు కలిసి వస్తే పెద్దపేగు మొదటి భాగమే వాచి ఉండవచ్చు. సీటీ స్కాన్‌లో గోడ మందం తెలుస్తుంది. నోటి ద్వారా ఆహారం ఆపి, సెలైన్, యాంటీబయాటిక్స్ ఇస్తారు. పేగుకు చిల్లు పడినా, రక్తస్రావం ఆగకపోయినా సర్జన్ రావాలి. అలాంటి కడుపుకు ఆముదం పట్టించడం క్రూరత్వం.

అన్నిటికంటే క్రూరమైనది సిగ్గు. ఈ వ్యాసకర్త బంధువొకామె రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటూ ‘అక్కడ’ నొప్పిని ఎవరికీ చెప్పలేదు. మగ డాక్టరుకు చూపించాల్సి వస్తుందని దాచుకుంది. జ్వరం వచ్చిన రోజు అమావాస్య. ప్రయాణం వద్దని పెద్దలు ఆపారు, పారాసెటమాల్ ఇచ్చి పడుకోబెట్టారు. మర్నాడు ఐసీయూలో చేర్చారు. ఆమె తిరిగి ఇంటికి రాలేదు. ‘ఆయుష్షు తీరింది’ అని కర్మకాండల్లో అందరూ అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఆ రాత్రి కారు తియ్యనివ్వని మనిషీ ఉన్నాడు.

తెల్లకణాలు పడిపోయిన మనిషికి 101 డిగ్రీల జ్వరం ఒక్కసారి కనిపించినా, 100.4 డిగ్రీలు గంటపాటు నిలిచినా అది అత్యవసరమే. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ మొదలవ్వాలి. దానికి అమావాస్య, మంగళవారం అడ్డు కాకూడదు.

మీ ఇంట్లో కీమో తీసుకుంటున్నవాళ్లుంటే మలబద్ధకం ఉందా, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి పుడుతోందా అని మీరే అడగండి. వాళ్లు చెప్పేదాకా ఆగకండి. అవునంటే ఆ రోజే క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయండి.