గుమ్మం దగ్గర ఆగిపోయే చట్టం

2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు టెక్సాస్ రాష్ట్రానికి అనుకూలంగా ఒక తీర్పు ఇచ్చింది. అశ్లీల దృశ్యాలతో వ్యాపారం చేసే వెబ్‌సైట్లు తమ వద్దకు వచ్చేవారి వయస్సును ధ్రువీకరించుకున్న తర్వాతే లోనికి అనుమతించాలని ఆ రాష్ట్రం 2023లో చట్టం చేసింది. అది రాజ్యాంగ సమ్మతమేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఆరుగురు తేల్చారు. డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ సంతానం స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ‘ఇక మనవల గురించి బెంగ పడనక్కరలేదు కదా?’ అని మమ్మల్ని అడిగిన పెద్దలు కూడా ఉన్నారు. ఆ బెంగ ఎందుకు తీరదో చెప్పాలంటే, ఈ విషయంలో ఆ దేశం నడిచివచ్చిన దారిని కొంత చూడవలసి ఉంటుంది.

అమెరికా అంటే సిగ్గు విడిచిన దేశమని మన ఇళ్ళలో తేలికగా అనేస్తారు. అది సగం మాటే. 1873లో అక్కడి కాంగ్రెసు చేసిన ఒక చట్టం ఆంథొనీ కామ్‌స్టాక్ అనే వ్యక్తి పేరుతో ప్రసిద్ధి చెందింది. అశ్లీల పుస్తకాలను, చిత్రాలను తపాలా ద్వారా పంపడం దాని ప్రకారం నేరమైంది. అంతటితో ఆగలేదు. గర్భనిరోధం గురించిన సమాచారాన్ని కవరులో పెట్టి పంపినా నేరమే. కామ్‌స్టాక్ తపాలా శాఖ ప్రత్యేకాధికారిగా ఉండి టన్నుల కొద్దీ పుస్తకాలను నాశనం చేయించాడు. తర్వాత సినిమా వచ్చింది. 1934 నుంచి 1968 వరకు హాలీవుడ్ తనకు తానే విధించుకున్న నియమావళి ఎంత కఠినమైనదంటే, తెర మీద భార్యాభర్తలను సైతం సాధారణంగా వేర్వేరు మంచాల మీదే చూపేవారు. ధర్మబద్ధమైన దాంపత్యాన్ని కూడా ఏదో మరకలా దాచిపెట్టిన సమాజం అది. అలా దాచిన చోటే చీకటి వ్యాపారం పెరిగింది.

ఆ పిమ్మట వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. అశ్లీలతకు వాక్ స్వాతంత్ర్య రక్షణ లేదని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి అశ్లీలత అంటే ఏమిటి? 1964లో న్యాయమూర్తి పాటర్ స్టీవర్ట్ దాన్ని మాటల్లో నిర్వచించడం తనకు సాధ్యం కాకపోవచ్చునని, అయితే చూస్తే మాత్రం గుర్తుపట్టగలనని రాశాడు. ఆ మాటను నేటికీ నవ్వుతూ తలచుకుంటారు. మేము మాత్రం అందులో ఒక నిజాయితీని చూస్తున్నాము. మనిషి అంతరంగంలో అల్లాహ్ ఉంచిన లజ్జ అనే గుణం న్యాయశాస్త్ర గ్రంథాల కంటే ముందే విషయాన్ని పసిగట్టింది. దానికి పేరు పెట్టే భాష మాత్రం న్యాయమూర్తికి దొరకలేదు.

1969 నాటి జార్జియా కేసు ఇంకా ముఖ్యమైనది. పందేల వ్యాపారం గురించిన ఆధారాల కోసం పోలీసులు ఒక వ్యక్తి ఇంటిని సోదా చేయగా, పడకగదిలోని బల్ల సొరుగులో అశ్లీల చలనచిత్రాల రీళ్ళు దొరికాయి. తన ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మనిషి ఏమి చదవాలో, ఏమి చూడాలో చెప్పడం ప్రభుత్వం పని కాదని కోర్టు అతనిపై పడిన శిక్షను కొట్టివేసింది. ఆ రోజుతో చట్టం ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

గుమ్మం బయట మాత్రం వాదన ఆగలేదు. 1970లో ప్రభుత్వమే నియమించిన సంఘం ఒకటి, వయోజనుల విషయంలో ఇటువంటి నిషేధాలను ఎత్తివేయమన్నది. సెనేటు ఆ నివేదికను 60–5 ఓట్లతో తిరస్కరించింది. 1986లో మరో సంఘం అందుకు పూర్తిగా భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. ఈ మధ్యలో ఆండ్రియా డ్వార్కిన్, క్యాథరిన్ మెకినన్ అనే స్త్రీవాదులు ఈ సరుకు స్త్రీలకు చేసే హానిని ఎత్తిచూపారు. దాన్ని స్త్రీల పౌరహక్కుల ఉల్లంఘనగా పరిగణించే శాసనాన్ని 1984లో ఇండియానాపోలిస్ నగరం ఆమోదించింది. మరుసటి ఏడాది ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు దాన్ని కొట్టివేసింది. అయితే హాని లేదని అనలేదు. ఈ చిత్రాలు స్త్రీల అణచివేతకు తోడ్పడతాయన్న వాదాన్ని అంగీకరిస్తూనే, అది భావప్రకటనకు ఉన్న శక్తికి నిదర్శనమని, కనుక దానికి రక్షణ ఉంటుందని చెప్పింది. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడు వారు నమ్మలేదు. విషమని తెలిసీ, విషానికి బలం ఉండటమే దానికి రక్షణ అయిందన్నమాట!

2004 ఫిబ్రవరిలో కోట్లాది మంది చూస్తున్న ఫుట్‌బాల్ పోటీ విరామంలో గాయని జానెట్ జాక్సన్ వక్షం అర సెకనుపాటు తెర మీద బయటపడింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ప్రసారం చేసిన సంస్థకు 5,50,000 డాలర్ల జరిమానా పడింది. సంవత్సరాల వ్యాజ్యం తర్వాత అది రద్దయింది కూడా. ఆ రోజుల్లోనే పేరున్న హోటళ్ళ గదుల్లో డబ్బు చెల్లిస్తే రాత్రంతా అశ్లీల చిత్రాలు చూడవచ్చు. అర సెకనుకు ఆగ్రహం, రాత్రంతటికీ రసీదు.

ఇప్పుడు టెక్సాస్ తీర్పు దగ్గరకు వద్దాము. పిల్లలకు అడ్డుగోడ కట్టడం మంచిదే. దాన్ని మేము తక్కువ చేయము. అయితే ఆ గోడ మీద రాసి ఉన్నది ‘ఇది చెడు’ అని కాదు, ‘18 ఏళ్ళ లోపు వారికి ప్రవేశం లేదు’ అని మాత్రమే. పదిహేడేళ్ళ పదకొండు నెలలకు విషమైనది మరుసటి నెలలో హక్కుగా మారుతుంది. పైగా విపిఎన్ అనే దొంగదారి ఉండనే ఉంది.

మరి ఇస్లాం గుమ్మం దాటి లోపలికి పోలీసును పంపుతుందా? పంపదు. గూఢచర్యం చేయవద్దని హుజురాత్ సూరాలో, అనుమతి లేనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించవద్దని నూర్ సూరాలో స్పష్టమైన ఆదేశాలున్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి గోడ ఎక్కి ఒక ఇంట్లో పాపకార్యాన్ని చూశారని, నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారు, గూఢచర్యం చేశారు, ద్వారం నుంచి రాలేదు, సలాం చేసి అనుమతి కోరలేదు అని ఆ ఇంటివాడు అన్నాడని, ఖలీఫా అతన్ని విడిచిపెట్టారని ఉల్లేఖనం ఉంది. పాలకుడు ఆగిన చోట అల్లాహ్ ఆజ్ఞ ఆగదు. చూపులు దించుకోమన్న ఆదేశం నూర్ సూరాలో మొదట పురుషులకే వచ్చింది. ఆ తర్వాతి ఆయతులోనే స్త్రీల పరదా ప్రస్తావన ఉంది. మన ఉపన్యాసాలలో ఈ క్రమం తరచుగా తలకిందులవుతుంది.

లజ్జ అంటే మౌనం కాదు. మదరసాలో ఫిఖ్‌హ్ గ్రంథం తెరిస్తే మొట్టమొదట వచ్చేది శుచి అధ్యాయం. మీసం మొలవని పిల్లలకు గుస్ల్ ఎప్పుడు విధి అవుతుందో మేము ప్రతి ఏటా పాఠం చెబుతాము. ఎవరూ నవ్వరు, ఎవరూ తల దించుకోరు. అన్సారీ స్త్రీలకు ధర్మాన్ని నేర్చుకోవడంలో బిడియం అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. కాని ఆ పిల్లవాడే ఇంటికి వెళ్ళి తన శరీరంలో వస్తున్న మార్పు గురించి తండ్రిని అడిగితే? చాలా ఇళ్ళలో కసురుకోవడమే జవాబు. అటు తర్వాత అదే తండ్రి చదువు పేరిట ఫోను కొని చేతికిస్తాడు. అబ్బాయికి సమాధానం దొరుకుతుంది, మనం కోరుకోని గురువు వద్ద. కామ్‌స్టాక్ నాటి మౌనానికీ ఈ మౌనానికీ తేడా ఏమిటో మాకు తెలియడం లేదు.

నూర్ సూరా 58వ ఆయతు ఇంకా యుక్తవయస్సు రాని పిల్లల గురించే మాట్లాడుతుంది. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం దుస్తులు తీసి విశ్రమించే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు సమయాల్లో వారు అనుమతి అడిగే పెద్దల గదిలోకి రావాలి. ఈ ఆదేశాన్ని ఇంట్లో అమలు చేయాలంటే ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు తల్లిదండ్రులు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. ఆ సంభాషణ ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో మొదలైతే పదిహేనేళ్ళకు మాట తడబడదు. డాలస్‌లో ఉన్న కోడలికీ, నెల్లూరులో ఉన్న అత్తకూ మా సమాధానం ఒక్కటే. ఆ మూడు వేళల్లో పిల్లల ఫోను, పెద్దల ఫోను కూడా, పడకగదిలో కాక నలుగురూ తిరిగే హాలులో చార్జింగుకు పెట్టండి. ఆ పని ముందుగా తండ్రి మొదలుపెట్టాలి.