‘లో టీ’ క్లినిక్‌ల జోరు: ప్రకటనలు చెప్పని సగం

డాలస్ చుట్టుపక్కల ఇండియన్ గ్రోసరీకి వెళ్తే, అదే వరసలో ఇప్పుడు ఒక ‘మెన్స్ హెల్త్’ క్లినిక్ కూడా కనిపిస్తోంది. ఫోన్ తెరిచినా అదే ప్రకటన: అలసటగా ఉందా, నిద్ర పట్టడం లేదా, పొట్ట తగ్గడం లేదా, మీ టెస్టోస్టెరాన్ తగ్గి ఉండొచ్చు! నలభై దాటిన మన ఐటీ వాళ్ళలో ఈ మూడూ లేనివాళ్ళు ఎంతమంది? పదిహేనేళ్ళుగా ఫార్మసీ కౌంటర్ వెనక నిలబడుతున్నవాణ్ణి. ఈ ప్రిస్క్రిప్షన్ల మీద మన ఇంటిపేర్లు ఇదివరకు అరుదు, ఇప్పుడు కాదు.

టెస్టోస్టెరాన్ అమెరికాలో షెడ్యూల్ 3 కిందకి వచ్చే నియంత్రిత మందు. కోవిడ్ వచ్చిన 2020లో ఇలాంటి మందుల్ని డాక్టర్‌ని నేరుగా కలవకుండా వీడియో కాల్ మీదే రాయించుకునే వెసులుబాటు ఇచ్చారు, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు. ఆన్‌లైన్ క్లినిక్‌లు అక్కడే ఊపందుకున్నాయి.

రెండో ఊపు ఎఫ్‌డీఏ నుంచి వచ్చింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉండొచ్చని 2015లో ఆ సంస్థ లేబుల్‌పై హెచ్చరిక పెట్టించింది. నిజం తేల్చడానికి ‘ట్రావర్స్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. గుండె జబ్బు గానీ, దాని ముప్పు గానీ ఉన్న 45 నుంచి 80 ఏళ్ళ మగవాళ్ళు సుమారు 5,200 మంది పాల్గొన్నారు. జెల్ వాడినవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవాళ్ళకంటే ఎక్కువ రాలేదని 2023లో తేలింది. దాంతో 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ఆ గుండె హెచ్చరికను తీయమంది.

ప్రకటనల్లో కనిపించేది ఇంతవరకే. అదే ఉత్తర్వులో బీపీ పెరుగుతుందన్న హెచ్చరికను చేర్చమన్నారు. కేవలం వయసు వల్ల తగ్గినవాళ్ళకు ఈ మందు ఆమోదితం కాదన్న మాటను అలాగే ఉంచారు. ట్రావర్స్‌లోనే గుండె లయ తప్పడం, కిడ్నీ దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు వాడినవాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపించాయి. పైగా అందులో చేర్చుకున్నది లక్షణాలు ఉండి, రెండుసార్లు పరీక్షలో 300 కంటే తక్కువ వచ్చినవాళ్ళనే. 420 వచ్చిన ముప్ఫై అయిదేళ్ళ కుర్రాడికి ఆ ఫలితం ఎలా వర్తిస్తుంది?

ఆ 300 లెక్క (డెసిలీటరుకి నానోగ్రాములు) అమెరికన్ యూరాలజీ అసోసియేషన్‌ది. వేరువేరు రోజుల్లో రెండు పరీక్షలు, రెండూ పొద్దున్నే చేయించాలి. ఆఫీసు అయ్యాక సాయంత్రం రక్తం ఇస్తే అంకె తక్కువే రావచ్చు. మనవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. షుగర్, బొజ్జ ఉన్నప్పుడు టెస్టోస్టెరాన్‌ను మోసే ప్రోటీన్ తగ్గి, మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది. ‘ఫ్రీ టెస్టోస్టెరాన్’ కూడా చూడమని అడగాలి. గురకపెట్టేవాళ్ళు స్లీప్ ఆప్నియా పరీక్ష ముందు చేయించుకోవడం మేలు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పిల్లల సంగతి. బయటినుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆగిపోతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో సున్నాకి చేరుతుంది. దీన్ని మగవాళ్ళ గర్భనిరోధకంగా వాడొచ్చా అని పరిశోధనలు కూడా జరిగాయి. మాకు తెలిసిన ఒక తమ్ముడు ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఏడాది అయింది. రెండేళ్ళుగా పిల్లల కోసం చూస్తున్నారు, పరీక్షలన్నీ ఆ అమ్మాయికే చేయించారు. ఆయన రిపోర్టు వచ్చాక, “ఇది ముందే ఎవరూ చెప్పలేదన్నా” అన్నాడు. మానేస్తే చాలామందికి తిరిగి వస్తుంది గానీ ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకు క్లోమిఫీన్, హెచ్‌సీజీ లాంటి వేరే దారులు ఉన్నాయి. వాటి గురించి యూరాలజిస్టునో, ఎండోక్రైనాలజిస్టునో అడగాలి.

ఈ చికిత్స చెడ్డదని నేననను. పిట్యూటరీలో గడ్డ ఉన్నవాళ్ళకు, క్యాన్సర్ చికిత్సతో వృషణాలు దెబ్బతిన్నవాళ్ళకు ఇది జీవితాన్ని తిరిగి ఇస్తుంది. వాళ్ళు కూడా ఎర్రకణాల శాతం, పీఎస్‌ఏ చూపించుకుంటూ ఉండాలి.

ఇక జెల్ రాసుకునేవాళ్ళకు ఒక్క మాట. తండ్రి భుజం మీది మందు అంటుకుని చిన్నపిల్లల్లో ముందుగానే యవ్వన లక్షణాలు కనిపించిన కేసులు రావడంతో 2009లోనే ఎఫ్‌డీఏ జెల్ డబ్బాలపై గట్టి హెచ్చరిక వేయించింది. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ చోటు చొక్కాతో కప్పుకున్న తర్వాతే పాపని ఎత్తుకోండి.