గొడ్డలి పట్టినవాడేనా దుర్మార్గుడు?

పర్యావరణం మీద మనం వేసే నాటికలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఒకరు చెట్టు వేషం వేస్తారు. ఇంకొకరు తలగుడ్డ చుట్టి గొడ్డలి పట్టుకొస్తారు. చెట్టు ఏడుస్తుంది. గొడ్డలివాడు చివర్లో లెంపలు వేసుకుంటాడు. అందరూ చప్పట్లు కొడతారు.

ఆ గొడ్డలివాడు ఎవరు? మన అమ్మానాన్నల లాంటి పేదవాడే. పొయ్యిలోకి నాలుగు ఎండుకొమ్మలు తెచ్చుకునే వాళ్ళ వల్ల భూమి వేడెక్కలేదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు ఏళ్ళ తరబడి మండించడం ప్రధాన కారణం. పెద్ద ఎత్తున అడవులు కొట్టేయడం దానికి తోడైంది. మన నాటికల్లో ఈ పాత్రలు కనిపించవు.

నష్టం మాత్రం ముందు పేదలకే. మన పులికాట్‌నే చూడండి. దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. కాళంగి, ఆరణి ఏర్ల మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు కలిస్తేనే ఇందులో చేపా రొయ్యా పెరుగుతాయి. వానలు గతి తప్పినా, ఇసుక మేటలతో ముఖద్వారం పూడినా మొదట పస్తులుండేది జాలరులు, యానాదులు. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులకూ ఈ చేపలే ఆధారం.

ఈ సంగతులు చెప్పడానికి ఉపన్యాసం కంటే వీధినాటకం మేలని నా అభిప్రాయం. చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే ఊరంతా ఆరుబయట నిలబడి చూస్తుంది. ఆ భారతంలోనే ఖాండవ దహనం ఉంది. అక్కడ అడవి కాలడానికి అండగా నిలిచింది కట్టెలమ్మేవాడు కాదు, గాండీవం పట్టిన వీరుడు. పారిపోయే ప్రాణులకూ దారి దొరకలేదు. అడవి ఎవరి కోసం కాలింది, ఎవరు చచ్చారు అని అడగడానికి మనకు కొత్త కథ అక్కర్లేదు.

అందుకే తమ్ముళ్ళకు నా మనవి. వార్షికోత్సవంలో సినిమా డాన్సులు రెండు తగ్గించి ఒక గంట వీధినాటకానికి ఇవ్వండి. చేపలు పట్టే పెద్దల్ని అడిగి మాటలు రాయండి. కోలాటం అడుగులు మనకు వచ్చినవే. హాస్టల్లో ఆడాక పడవలు ఆగే రేవుల దగ్గరా ఆడండి. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ సూళ్ళూరుపేటలో జరిగినప్పుడు అక్కడా అవకాశం అడగండి. ఖర్చులకు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుందాం.

నాటకం వేస్తే వాన కురుస్తుందా అని కొందరు నవ్వవచ్చు. కురవదు. కానీ ముఖద్వారం పూడిక తీయమని నలుగురిలో నిలబడి అడిగే ధైర్యం వస్తుంది. తప్పు చేయని వాళ్ళతో లెంపలు వేయించే నాటిక కంటే అదే మనకు కావాలి.