సైన్సు కబుర్లు: గట్టి పదార్థంలో అయాన్ల నడక

మా మనవరాలు కరెంటు స్కూటరు కొంది. రాత్రి నడవలో చార్జింగు పెట్టబోతే మా ఇంటావిడ ఒప్పుకోలేదు. "బ్యాటరీలు అంటుకుంటున్నాయని పేపర్లో చూడలేదా?" అంది. "అందులో మండేదేముంది తాతా?" అని పిల్ల నన్నడిగింది.

లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య లిథియం అయాన్లు అటూ ఇటూ తిరగాలి. వాటికి దారిగా ఒక ద్రవం పోస్తారు. నీళ్ళు పనికిరావు కనుక కర్బన ద్రావకాలు వాడతారు. అవి నిప్పంటుకునే రకం. "అయితే ద్రవం బదులు గట్టి పదార్థం పెట్టొచ్చుగా?" అంది పిల్ల.

ఆ మాటతో నాకో పాత సంగతి గుర్తొచ్చింది. ఇదే బి. మల్లాపురంలో ఒకప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పేవాణ్ణి. "ఉప్పుకల్లులో అయాన్లు కదలవు. నీళ్ళలో కలిపినా, కాచి కరిగించినా కదులుతాయి" అన్నాను. "ఏ గట్టి పదార్థంలోనూ కదలవా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడు. "కదలవు, కూర్చో" అన్నాను. ఉప్పుకు నేను చెప్పింది సరే. కుర్రాడికి చెప్పింది మాత్రం తప్పు.

వేడెక్కిన సిల్వర్ సల్ఫైడ్ గుండా కరెంటు పారడం మైకేల్ ఫారడే 1830లలోనే చూశాడు. 1914లో టుబాంట్, లోరెంజ్ అనే శాస్త్రజ్ఞులు సిల్వర్ అయొడైడ్‌ను పరీక్షించారు. 147 డిగ్రీలు దాటగానే, కరగకుండానే, దాని వాహకత వేల రెట్లు పెరిగింది. 558 డిగ్రీల దగ్గర కరిగాక కాస్త తగ్గింది కూడా!

పండగనాడు బొమ్మిడి స్టేషన్లో సేలం పాసింజరు ఎక్కినవారికి దీని కారణం సులువుగా తెలుస్తుంది. పెట్టె కిక్కిరిసి ఉంటే ఎవరూ జరగలేరు. ఖాళీలుంటే ఒకరు జరుగుతారు, ఆ చోటికి మరొకరు వస్తారు. బెంచీలు మాత్రం కదలవు. ఇక్కడ అయొడైడ్ అయాన్లు బెంచీలు, వెండి అయాన్లు ప్రయాణికులు. వేడిలో ప్రతి రెండు వెండి అయాన్లకు పన్నెండు చోట్లుంటాయి. ఉప్పులో చోట్లన్నీ దాదాపు నిండే ఉంటాయి.

అలాంటి దారులున్న పదార్థాలను తర్వాతివారు కావాలనే తయారుచేశారు. 1976లో గుడెనఫ్, హాంగ్ బృందం సోడియం అయాన్లకు ఒకటి చేసింది. లిథియం బ్యాటరీల మీద కృషికి గుడెనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది. 2011లో జపానులో కానో బృందం చేసిన గంధకపు పదార్థంలో లిథియం అయాన్లు, మామూలు వేడిమిలోనే, ద్రవంలో నడిచినంత జోరుగా నడిచాయి.

అయినా చిక్కులున్నాయి. చార్జింగప్పుడు ధ్రువాలు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే అతుకుల్లో సందులు పడతాయి. పగుళ్ళలోకి లిథియం సన్నని పోగులుగా పెరుగుతుంది. గంధకపు రకానికి తేమ తగిలితే విషవాయువు పుడుతుంది. మన కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ వంటి చోట్ల బ్యాటరీల మీద పని సాగుతోంది.

అందాకా బండితో ఇచ్చిన చార్జరే వాడండి. గాలి ఆడేచోట, గుమ్మానికీ మెట్లకూ దూరంగా పెట్టండి. మా బండి ఇప్పుడు పెరటి రేకుల కింద ఉంటోంది.

ఆ కుర్రాడు ఈ పేజీ చదివితే ఒక్క మాట: కదులుతాయి నాయనా. నువ్వడిగింది మంచి ప్రశ్న.